అసెంబుల్డ్ పీసీలో మ్యాక్‌ఓఎస్ బూట్ ఆగిపోతే: సరిదిద్దాలా, భాగం మార్చాలా, దారి మార్చాలా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సొంతంగా భాగాలు కొని అమర్చుకున్న పీసీలో యాపిల్ ఆపరేటింగ్ సిస్టమ్ అయిన మ్యాక్‌ఓఎస్ ఎక్కించాలని చూసేవారు ముఖ్యంగా రెండు రకాలుగా ఉంటారు. ఫైనల్ కట్ ప్రో మీద పెళ్లి వీడియోలు ఎడిట్ చేయాలనుకునే స్టూడియోల వారు ఒక రకం. ఐఫోన్ యాప్ తయారీకి ఎక్స్‌కోడ్ తప్పనిసరి అయిన ఇంజినీరింగ్ విద్యార్థులు రెండో రకం. ఇద్దరికీ ఎదురయ్యే అడ్డంకి మాత్రం ఒకేలా ఉంటుంది. పెన్‌డ్రైవ్ సిద్ధమవుతుంది, మెనూ కూడా కనిపిస్తుంది, ఆ తరువాత తెర మీద అక్షరాలు కొంతదూరం పరుగెత్తి ఏదో ఒక వరుస దగ్గర నిలిచిపోతాయి. అక్కడ చేరినవారి ముందు మూడు ఎంపికలు ఉంటాయి: సెట్టింగులు సరిదిద్దుకోవడం, సరిపడని భాగాన్ని మార్చడం, ఈ ప్రయత్నాన్ని విడిచి మరో మార్గంలో మ్యాక్‌ఓఎస్ సంపాదించడం. ఈ మూడింటిలో ఏది తగినదో బూట్ ఎక్కడ ఆగిందన్నదే చాలావరకు నిర్ణయిస్తుంది. ఆ సంగతి చూడకుండా పెన్‌డ్రైవ్‌ను మళ్లీ మళ్లీ తయారు చేసుకోవడం వల్ల కాలం తప్ప మరేమీ కరగదు.

సాంకేతిక విషయాల్లోకి వెళ్లే ముందు లైసెన్సు సంగతి చెప్పుకోవాలి. మ్యాక్‌ఓఎస్‌ను యాపిల్ ముద్ర ఉన్న కంప్యూటర్ల మీద మాత్రమే వాడాలని ఆ సంస్థ లైసెన్సు ఒప్పందం స్పష్టంగా చెబుతుంది. ఇలాంటి యంత్రాలను తయారు చేసి అమ్మిన సైస్టార్ అనే అమెరికన్ కంపెనీ మీద యాపిల్ 2008లో దావా వేసి గెలిచింది. 2011లో అప్పీలు కోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది. ఇంట్లో నేర్చుకోవడానికి ప్రయోగం చేసేవారి సంగతి వేరు, బిల్లు ఇచ్చి వ్యాపారం చేసే స్టూడియో సంగతి వేరు. నా దృష్టిలో ఈ యంత్రం నేర్చుకునే వారికి తగినంతగా, జీవనాధారంగా వాడుకునే వారికి తగదు.

మొదట అడగవలసిన ప్రశ్న: ఏ పని కోసం?

బూట్ సమస్యకూ ఈ ప్రశ్నకూ సంబంధం లేనట్టు కనిపిస్తుంది గాని, ఏ వెర్షన్ ఎక్కించాలో చెప్పేది ఇదే, వెర్షన్‌ను బట్టే ఏ భాగాలు పనికివస్తాయో తేలుతుంది. ఎక్స్‌కోడ్ 16 నడవాలంటే కనీసం మ్యాక్‌ఓఎస్ సొనోమా 14.5 వెర్షన్ ఉండాలి, ఎక్స్‌కోడ్ 26కు సెకోయా 15.6 కావాలి. యాప్ స్టోర్ కొత్త యాప్‌లను స్వీకరించడానికి కోరే ఎక్స్‌కోడ్ వెర్షన్‌ను యాపిల్ ఏటేటా పెంచుతూ పోతుంది. అందువల్ల పాత గ్రాఫిక్స్ కార్డు పనిచేస్తుందన్న ఒక్క కారణంతో హై సియెర్రా, బిగ్ సర్ వంటి పాత వెర్షన్ ఎంచుకున్న విద్యార్థికి బూట్ సాఫీగా అయినా అసలు పని జరగదు.

వీడియో పని చేసేవారికి కొంత వెసులుబాటు ఉంది. పాత వెర్షన్‌లో పాత ఫైనల్ కట్ చక్కగానే నడుస్తుంది. అయితే మన వైపు పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవారిలో ఎడియస్‌కు అలవాటు పడినవారు తక్కువేమీ కాదు, అది విండోస్‌లో మాత్రమే నడుస్తుంది. డావిన్చీ రిజాల్వ్ అయితే రెండింటిలోనూ నడుస్తుంది. ఎడియస్ వదలలేని స్టూడియోకు మ్యాక్‌ఓఎస్ నిజంగా అవసరమా అన్నది యజమాని ముందే తేల్చుకోవాలి; ఉత్సాహం కొద్దీ మొదలుపెట్టి, ముహూర్తాల కాలంలో నడుస్తున్న విండోస్‌ను కూడా పాడుచేసుకున్న సందర్భాలు ఉన్నాయి.

భవిష్యత్తు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2005లో ఇంటెల్ ప్రాసెసర్లకు మారుతున్నట్టు ప్రకటించిన యాపిల్, 2020 జూన్‌లో సొంత చిప్‌లకు మారుతున్నట్టు ప్రకటించి, అదే ఏడాది నవంబరులో ఎం1 యంత్రాలను విడుదల చేసింది. 2025లో వచ్చిన టాహో, అంటే మ్యాక్‌ఓఎస్ 26, ఇంటెల్ మ్యాక్‌ల మీద నడిచే చివరి పెద్ద వెర్షన్. ఆ తరువాతి వెర్షన్లు మన పీసీల మీద బూట్ కావు, ఏ సెట్టింగు మార్చినా కావు. ఈ మాట తెలిసిన తరువాత కూడా కొత్త గ్రాఫిక్స్ కార్డు కోసం పెద్ద మొత్తం పెట్టదలచుకున్నవారు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి.

ఆగిన చోటును చదవడం

యాపిల్ గుర్తు కింద గీత కదలకుండా నిలిచిపోతే ఆ తెర మనకు ఏమీ చెప్పదు. అందుకే బూట్ ఆర్గ్యుమెంట్లలో, అంటే బూట్ సమయంలో ఇచ్చే సూచనల్లో, ‘మైనస్ వి’ (-v) చేర్చి, లోపల జరిగేదంతా అక్షరాల రూపంలో కనిపించేలా వెర్బోస్ పద్ధతిలో నడపాలి. మామూలు పీసీలో మ్యాక్‌ఓఎస్‌ను బూట్ చేయించే లోడరైన ఓపెన్‌కోర్ డీబగ్ కూర్పును వాడి, దాని సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైల్‌లోని టార్గెట్ విలువను 67గా ఉంచితే లోడర్ చేసిన పని అంతా పెన్‌డ్రైవ్ మీద ఒక లాగ్ ఫైల్‌గా మిగులుతుంది. తెర ఆగిన క్షణంలో ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకోవడం, ప్రతి మార్పు తరువాత ఓపెన్‌కోర్ మెనూ నుంచి ఎన్‌వీర్యామ్‌ను (బోర్డులో బూట్ సెట్టింగులు దాచే మెమరీ) రీసెట్ చేయడం, ఒక ప్రయత్నానికి ఒకే మార్పు చేయడం అనే మూడు అలవాట్లు లేకపోతే కింద చెప్పేదేదీ ఉపయోగపడదు.

మెనూయే రాకపోతే అది చాలా తేలికైన చిక్కు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉండాలి, ఓపెన్‌కోర్ ఫైళ్లన్నీ ఉండే ఈఎఫ్ఐ ఫోల్డరు మరో ఫోల్డరు లోపల దాగకుండా నేరుగా కనిపించాలి, బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల తెర) సెక్యూర్ బూట్, ఫాస్ట్ బూట్, సీఎస్ఎం (పాత బూట్ పద్ధతి) ఆఫ్‌లో ఉండాలి. మెనూ వచ్చి అందులో ఇన్‌స్టాలర్ పేరు కనబడకపోతే, హెచ్ఎఫ్ఎస్ ప్లస్ అనే డ్రైవరు ఫైల్ డ్రైవర్ల ఫోల్డరులో లేకపోవడమో, ఉన్నా కాన్ఫిగ్‌లో దాని పేరు నమోదు కాకపోవడమో కారణం. ఎంపిక చేయగానే సెక్యూరిటీ వయొలేషన్ అని వస్తే సెక్యూర్ బూట్ మోడల్ విలువను డిజేబుల్డ్‌గా మార్చి చూడాలి. వీటిలో వేటికీ రూపాయి ఖర్చు లేదు.

ఇన్‌స్టాలర్‌ను ఎంచుకున్న వెంటనే ‘ఎగ్జిట్ బీఎస్ స్టార్ట్’ అన్న వరుస దగ్గర ఆగిపోవడం అందరినీ ఎక్కువగా భయపెట్టే స్థితి. మదర్‌బోర్డు ఫర్మ్‌వేరు తన అధీనాన్ని మ్యాక్‌ఓఎస్ కేంద్ర భాగమైన కెర్నెల్‌కు అప్పగించే క్షణం అది. ఆ సమయంలో మెమరీ పటం కెర్నెల్‌కు అర్థమయ్యే రూపంలో లేకపోతే అంతా స్తంభించిపోతుంది. కాన్ఫిగ్‌లోని బూటర్ విభాగంలో ఉన్న క్విర్కులు, అంటే ఇలాంటి తేడాలను సర్దే ఆన్/ఆఫ్ సెట్టింగులు, దీనికోసమే ఉన్నాయి. ఇక్కడ బోర్డును బట్టి సమాధానం మారుతుంది: జెడ్390 బోర్డుకు ప్రొటెక్ట్ యూఈఎఫ్ఐ సర్వీసెస్ ఆన్‌లో ఉండాలి, బీ550, ఏ520 బోర్డులకు సెటప్ వర్చువల్ మ్యాప్ ఆఫ్‌లో ఉండాలి. బయాస్‌లో సీఎఫ్‌జీ లాక్ ఆఫ్ చేసే వీలు లేని ఇంటెల్ బోర్డులకు యాపిల్ ఎక్స్‌సీపీఎం సీఎఫ్‌జీ లాక్ క్విర్కు పెట్టాలి. రైజెన్ ప్రాసెసర్ అయితే ఏఎండీ కెర్నెల్ ప్యాచ్‌లు తప్పనిసరి, వాటిలో కోర్ల సంఖ్యను మన ప్రాసెసర్‌కు తగినట్టు దిద్దడం మరీ తప్పనిసరి. ఆరు కోర్ల రైజెన్‌కు ఎనిమిది కోర్ల ప్యాచ్ పెట్టి, తప్పు పెన్‌డ్రైవ్‌ది అనుకునేవారు చాలామంది. ఈ దశలో ఆగినవారు కొత్త భాగాలు కొనడానికి పరుగెత్తవద్దు. ఇది దాదాపుగా ఎప్పుడూ సెట్టింగుల తప్పే.

అక్షరాలు కొంతసేపు నడిచి మధ్యలో ఆగితే చివరి వరుసను చదవాలి. పీసీఐ కాన్ఫిగరేషన్ బిగిన్ దగ్గర ఆగితే బయాస్‌లో అబవ్ 4జీ డీకోడింగ్ ఆన్ చేయాలి. ఆ వీలు లేని పాత బోర్డులకు మాత్రమే ఎన్‌పీసీఐ అనే బూట్ ఆర్గ్యుమెంటు వాడాలి, రెండూ కలిపి పెట్టకూడదు. ఏపీఎఫ్ఎస్ మాడ్యూల్ స్టార్ట్ పరిసరాల్లో ఆగితే, ఇంటెల్ 300 సిరీస్ నుంచి వచ్చిన బోర్డుల గడియారం మ్యాక్‌ఓఎస్‌కు అర్థం కాకపోవడం ఒక ప్రధాన కారణం; ఏడబ్ల్యూఏసీ పేరుతో ఉండే ఎస్ఎస్‌డీటీ ఫైల్ (బోర్డు వివరాలను మ్యాక్‌ఓఎస్‌కు తెలిపే చిన్న ఫైల్) దానికి మందు. కెటలినా వెర్షన్ నుంచి ఎంబెడెడ్ కంట్రోలర్‌కు సంబంధించిన ఎస్ఎస్‌డీటీ లేకుండా బూట్ ముందుకు సాగదు. యాపిల్ ఏసీపీఐ సీపీయూ అన్న పేరుతో కెక్స్‌ట్‌డీ స్టాల్ అని వస్తే వర్చువల్ ఎస్ఎంసీ అనే కెక్స్ట్ (మ్యాక్‌ఓఎస్ డ్రైవరు ఫైల్) లేదని అర్థం. ఈ వెర్షన్ ఈ ప్లాట్‌ఫారానికి సరిపడదని నిక్కచ్చిగా చెప్పేస్తే, మనం ఎంచుకున్న ఎస్ఎంబయాస్ మోడల్ (మన పీసీ ఏ మ్యాక్‌గా కనిపించాలో చెప్పేది) ఆ వెర్షన్‌కు పాతదై ఉంటుంది. ఉదాహరణకు 9వ తరం వారు వాడే ఐమ్యాక్ 19,1 సెకోయా వరకే పనికివస్తుంది. టాహోకు ఐమ్యాక్ 20,1 కాని మ్యాక్ ప్రో 7,1 కాని కావాలి.

ఇక వెయిటింగ్ ఫర్ రూట్ డివైస్ అన్న వరుస, దాని వెంబడి వచ్చే అడ్డగీత గీసిన వృత్తం. కెర్నెల్ లేచింది గాని, తాను ఏ డిస్కు నుంచి వచ్చిందో ఆ డిస్కును కనుక్కోలేకపోయింది. మొదట పెన్‌డ్రైవ్‌ను వేరే పోర్టులో, వీలైతే వెనుక వైపున్న యూఎస్‌బీ 2 పోర్టులో పెట్టి చూడాలి. మ్యాక్‌ఓఎస్ ఒక కంట్రోలర్‌కు 15 పోర్టులకు మించి గుర్తించదు. ఒక యూఎస్‌బీ 3 పోర్టు రెండు పోర్టులుగా లెక్కకు వస్తుంది కనుక ఆ హద్దు త్వరగానే దాటిపోతుంది. ఎక్స్‌హెచ్‌సీఐ పోర్ట్ లిమిట్ అన్న పాత ఉపాయం 11.3 వెర్షన్ నుంచి పనిచేయడం లేదు, కనుక యూఎస్‌బీ టూల్‌బాక్స్‌తో విండోస్‌లోనే పోర్టుల పటం తయారు చేసుకోవడం మేలు. లోపలి డిస్కు విషయంలో సాటా పద్ధతి రెయిడ్‌లో కాకుండా ఏహెచ్‌సీఐలో ఉండాలి.

ఇంతవరకు అన్నీ దాటి చివరలో తెర నల్లబడిపోతే, లేదా ‘జీఐఓ స్క్రీన్ లాక్’ అన్న వరుస దగ్గర నిలిచిపోతే, ఇక మాట్లాడవలసింది గ్రాఫిక్స్ గురించి. మూడు ఎంపికల్లో రెండవది, అంటే భాగం మార్చడం, తరచుగా అవసరమయ్యేది ఈ ఒక్క చోటే.

భాగం మార్చవలసిన సందర్భాలు

మన వైపు బడ్జెట్ పీసీల్లో ఎక్కువగా కనిపించే కూర్పులను పోల్చి చూద్దాం. ఇంటెల్ 8, 9, 10వ తరాల్లో పేరు చివర ఎఫ్ అక్షరం లేని ప్రాసెసర్లు, ఉదాహరణకు ఐ3-10100, ఐ5-10400, ఈ పనికి అన్నిటికన్నా అనుకూలం. వాటిలోని యూహెచ్‌డీ 630 గ్రాఫిక్స్‌ను మ్యాక్‌ఓఎస్ గుర్తిస్తుంది. ఇక్కడ తెర నల్లబడితే కాన్ఫిగ్‌లోని డివైస్ ప్రాపర్టీస్‌లో ప్లాట్‌ఫారం ఐడీ విలువను దిద్దుకోవడం, వేరే వీడియో పోర్టుకు కేబుల్ మార్చి చూడడం సరిపోతాయి. అదే ఐ5-10400ఎఫ్ అయితే అందులో గ్రాఫిక్స్ ఉండవు కనుక విడి కార్డు తప్పదు.

11వ తరం, ఆ పైన వచ్చిన డెస్క్‌టాప్ ప్రాసెసర్ల లోపలి గ్రాఫిక్స్‌కు మ్యాక్‌ఓఎస్‌లో డ్రైవరు లేదు. ప్రాసెసర్‌ను 10వ తరంగా చూపించి, తగిన ఏఎండీ కార్డు పెట్టుకుంటే బూట్ అవుతుంది. కార్డు లేకుండా ఐ5-12400 ఒక్కదానితో రోజుల తరబడి కుస్తీ పట్టడం వృథా. రైజెన్ 3200జీ, 5600జీ వంటి వాటిలోని గ్రాఫిక్స్‌కు నూటెడ్‌రెడ్ అనే స్వచ్ఛంద ప్రయత్నం ఒకటి ఉంది. విద్యార్థి ప్రయోగానికి పనికివస్తుందేమో గాని, స్టూడియో పనికి దాని మీద ఆధారపడమని నేను చెప్పను.

విడి కార్డుల్లో ఎన్విడియా వాడేవారికి వార్త మంచిది కాదు. జీటీఎక్స్ 1050, 1060 వంటి కార్డులకు చివరి డ్రైవర్లు 2017 నాటి హై సియెర్రాతోనే ఆగిపోయాయి. కెప్లర్ తరానికి చెందిన పాత కార్డులు బిగ్ సర్ వరకు నడిచి, 2021లో వచ్చిన మాంటెరీతో ఆగిపోయాయి. ఆర్‌టీఎక్స్ కార్డులకు మ్యాక్‌ఓఎస్ డ్రైవరు ఎన్నడూ రాలేదు. ఆర్‌టీఎక్స్ 3060 ఉన్న యంత్రంలో తెర నల్లబడితే సరిదిద్దవలసిన సెట్టింగు ఏదీ లేదు. ఆ కార్డు వదులుకోవాలి, లేదా ఈ ఆలోచన వదులుకోవాలి.

ఏఎండీలోనూ అన్నీ పనికిరావు. ఆర్ఎక్స్ 570, 580 పాతవైనా సులువుగా నడుస్తాయి. 5500 ఎక్స్‌టీ, 5700 కార్డులకు పికెరా పేరున్న బూట్ ఆర్గ్యుమెంటు చేర్చకపోతే తెర నల్లగానే ఉంటుంది. 6600, 6800, 6900 ఎక్స్‌టీ నడుస్తాయి. వీటి మధ్యలో ఉన్న 6700 ఎక్స్‌టీకి, కింద ఉన్న 6400, 6500 ఎక్స్‌టీలకు యాపిల్ డ్రైవరు లేదు. 7000 సిరీస్‌కు అసలే లేదు. కొత్తది, ఖరీదైనది అయితే తప్పక నడుస్తుందన్న భావనతో కొనేవారు నష్టపోయేది ఇక్కడే. శ్రీకాకుళం నుంచి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి విశాఖపట్నంలో కార్డు కొని తెచ్చుకుంటే, ‘మ్యాక్‌లో పనిచేయలేదు’ అన్న కారణానికి దుకాణం వెనక్కి తీసుకోదు, ఎందుకంటే విండోస్‌లో అది చక్కగా పనిచేస్తుంది. పాత 580 కార్డు కొనేవారు అది ఏళ్ల తరబడి మైనింగ్‌లో అరిగినదేమో గమనించి, అమ్మేవారి ఎదుటే లోడు పెట్టి నడిపించి చూసుకోవాలి.

గ్రాఫిక్స్ తరువాత మార్చవలసి వచ్చే మరో భాగం ఎన్‌వీఎంఈ డిస్కు. శామ్‌సంగ్ పీఎం981, మైక్రాన్ 2200ఎస్ వంటివి ఇన్‌స్టాలేషన్ మధ్యలో కెర్నెల్ ప్యానిక్ (వ్యవస్థ కుప్పకూలడం) తెస్తాయి. శామ్‌సంగ్ 970 ఈవో ప్లస్ అయితే ఫర్మ్‌వేరు అప్‌డేట్ చేస్తే సరిపోతుంది. నా సలహా ఏమిటంటే, విండోస్ ఉన్న డిస్కును తాకకుండా, మ్యాక్‌ఓఎస్ కోసం విడిగా 240 జీబీ సాటా ఎస్ఎస్‌డీ కొనుక్కోవాలి. ఖర్చు తక్కువ, అనుకూలత ఎక్కువ. ఇన్‌స్టాల్ చేసే రోజున విండోస్ డిస్కు కేబుల్ ఊడదీసి ఉంచితే పొరపాటున చెరిగిపోయే భయం కూడా ఉండదు.

ఓపెన్‌కోరా, క్లోవరా, సొంత ఈఎఫ్ఐయా, దొరికిన ఈఎఫ్ఐయా

మొదటి ప్రశ్నకు సమాధానం చిన్నది: ఓపెన్‌కోర్. అదే పని చేసే పాత లోడరైన క్లోవర్ తన కాలంలో ఎందరికో ఉపయోగపడింది గాని, బిగ్ సర్ తరువాత అది కూడా ఓపెన్‌కోర్ భాగాలనే తనలో కలుపుకొని నడుస్తోంది, దాని మీద వచ్చిన పాత సూచనలు చాలావరకు ఇప్పుడు చెల్లవు. ఓపెన్‌కోర్ లెగసీ ప్యాచర్ అనే దానిని కొందరు పొరపాటున పీసీ కోసం దించుకుంటారు. దాని ముఖ్యోద్దేశం పాత అసలు మ్యాక్‌లకు కొత్త వెర్షన్ ఎక్కించడం.

రెండో ప్రశ్న అంత చిన్నది కాదు. తన బోర్డే ఉన్న మరొకరి ఈఎఫ్ఐ ఫోల్డరు దొరికితే పని అయిపోయిందని చాలామంది సంబరపడతారు. అది ఒకరి కొలతలకు కుట్టిన చొక్కాను మరొకరు తొడుక్కోవడం లాంటిది. బోర్డు ఒకటే అయినా బయాస్ వెర్షన్ వేరు కావచ్చు, ప్రాసెసర్‌లో కోర్ల సంఖ్య వేరు కావచ్చు, వారి యూఎస్‌బీ పటం మన క్యాబినెట్ ముందు పోర్టులకు సరిపడకపోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, అందులో వారి సీరియల్ నంబర్లు ఉంటాయి. ఒకే సీరియల్‌ను ఇద్దరు వాడితే ఐమెసేజ్, ఫేస్‌టైమ్ ఖాతాలకు ఇబ్బంది వస్తుంది. అయినా దానిని పూర్తిగా పారేయనక్కరలేదు. ఓపెన్‌కోర్ అమర్పును వివరించే డోర్టానియా ఆన్‌లైన్ మార్గదర్శి చదువుతూ మన ఈఎఫ్ఐని మనమే కట్టుకొని, ఎక్కడైనా ఆగినప్పుడు దొరికిన ఈఎఫ్ఐలో ఆ ఒక్క విలువ ఎలా ఉందో పోల్చి చూసుకోవచ్చు. నేను ఎవరికైనా చెప్పేది ఇదే పద్ధతి. కాన్ఫిగ్ ఫైల్‌ను ప్రాపర్‌ట్రీతో తెరవాలి, సీరియల్ నంబర్లు జెన్ఎస్ఎంబయాస్‌తో తయారు చేసుకోవాలి, చివరగా ఓసీ వ్యాలిడేట్‌తో తనిఖీ చేయాలి. ఓపెన్‌కోర్ వెర్షన్ ఒకటి, కాన్ఫిగ్ నమూనా మరో వెర్షన్‌ది అయినప్పుడు వచ్చే తప్పులన్నీ ఈ తనిఖీలోనే బయటపడతాయి.

ఆన్‌లైన్ ఇన్‌స్టాలరా, పూర్తి ఇన్‌స్టాలరా

విండోస్ నుంచే పెన్‌డ్రైవ్ తయారు చేసేవారు సాధారణంగా మ్యాక్ రికవరీ స్క్రిప్టుతో ఒక జీబీకి లోపే ఉండే రికవరీ భాగాన్ని దించుకుంటారు. మిగిలిన 12 జీబీకి పైబడిన భాగం ఇన్‌స్టాలేషన్ జరిగేటప్పుడు నెట్ నుంచి వస్తుంది. ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉండి, రూటరు నుంచి ల్యాన్ కేబుల్ పీసీ దాకా వచ్చేవారికి ఇదే సులువు. బోర్డులోని ల్యాన్ చిప్‌కు తగిన కెక్స్ట్ పెట్టుకోవాలి: ఇంటెల్‌కు ఇంటెల్‌మౌసి, రియల్‌టెక్ గిగాబిట్‌కు ఆర్‌టీఎల్8111, 2.5 గిగాబిట్‌కు లూసీ. వైఫైని ఈ దశలో నమ్ముకోకపోవడం మంచిది. ఒకప్పుడు ఏ తిప్పలూ లేకుండా నడిచిన బ్రాడ్‌కామ్ కార్డులకు కూడా సొనోమాలో యాపిల్ మద్దతు తీసేసింది.

రోజుకు ఒకటిన్నర, రెండు జీబీ పరిమితి ఉన్న మొబైల్ ప్యాకుతో నెట్టుకొచ్చే ఊళ్లలో ఆన్‌లైన్ పద్ధతి కుదరదు. అక్కడివారు మ్యాక్ ఉన్న స్నేహితుని దగ్గరో, కాలేజీ ల్యాబులోనో పూర్తి ఇన్‌స్టాలర్‌ను 32 జీబీ పెన్‌డ్రైవ్ మీద తయారు చేయించుకోవాలి. రికవరీ సర్వరును చేరుకోలేకపోయామన్న సందేశం వచ్చినప్పుడు నెట్‌ను నిందించే ముందు బయాస్‌లో తేదీ చూడాలి. తేదీ తప్పుగా ఉంటే సర్వరు అంగీకరించదు.

తేదీ ప్రస్తావన వచ్చింది కనుక ఒక పాత శత్రువు గురించి చెప్పాలి. నిన్న బూట్ అయిన యంత్రం, రాత్రి కరెంటు పోయి వచ్చిన తరువాత ఈ రోజు బూట్ కాకపోతే, మొదట అనుమానించవలసింది మదర్‌బోర్డు మీది సీఆర్2032 బటన్ బ్యాటరీని. అది నీరసించిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ బయాస్ సెట్టింగులన్నీ మొదటికి వస్తాయి: సీఎస్ఎం మళ్లీ ఆన్ అవుతుంది, అబవ్ 4జీ ఆఫ్ అవుతుంది. కాన్ఫిగ్ ఫైల్‌లో తప్పు వెతుకుతూ కూర్చునే ముందు ఆ చిన్న బ్యాటరీ మార్చాలి. ఇన్‌స్టాలేషన్ జరిగే గంటా రెండు గంటలు యూపీఎస్ మీదే నడపాలి. ఇంటి ఇన్వర్టరు మారే క్షణంలో కొన్ని పీసీలు రీస్టార్ట్ అవుతాయి.

రీస్టార్ట్ అనగానే మరొకటి. ఇన్‌స్టాలేషన్ మధ్యలో యంత్రం తనంతట తానే పలుమార్లు రీస్టార్ట్ అవుతుంది. ప్రతిసారీ మెనూలో మ్యాక్‌ఓఎస్ ఇన్‌స్టాలర్ అన్న పేరును, అది కనిపించడం మానేశాక మన డిస్కు పేరును ఎంచుకోవాలి. మళ్లీ రికవరీనే ఎంచుకొని, ఇన్‌స్టాలేషన్ మొదటికి వచ్చిందని, బూట్ పాడైందని అనుకోవడం చాలా సాధారణమైన పొరపాటు. అంతా పూర్తయ్యాక పెన్‌డ్రైవ్ తీస్తే బూట్ కాకపోవడం కూడా లోపం కాదు. పెన్‌డ్రైవ్‌లోని ఈఎఫ్ఐ ఫోల్డరును డిస్కులోని ఈఎఫ్ఐ విభాగంలోకి నకలు చేయవలసి ఉంది, అంతే.

ఏ వెర్షన్?

పైన చెప్పినదాన్ని బట్టి, 8 నుంచి 10వ తరం ఇంటెల్ లేదా తగిన ఏఎండీ కార్డు ఉన్నవారు సెకోయా ఎంచుకోవడం ప్రస్తుతానికి నాకు సబబుగా కనిపిస్తుంది. టాహోలో యాపిల్ పాత ఆడియో డ్రైవరును తొలగించడం వల్ల మదర్‌బోర్డు శబ్దం కోసం అదనపు ప్యాచ్‌లు వేసుకోవాలి; వీడియో ఎడిటరుకు అది అనవసరమైన తలనొప్పి. ప్రాసెసర్‌లో ఏవీఎక్స్2 అనే ఆదేశాల సమితి లేని 2, 3వ తరాల ఇంటెల్ యంత్రాలు ఉన్నవారు వెంచురా జోలికి, ఆ పై వాటి జోలికి పోకుండా ఉండటం మంచిది.

దారి మార్చడం ఎప్పుడు?

మూడో ఎంపికను ఓటమిగా చూడనక్కరలేదు. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ కార్డు ఉన్నవారు, కార్డు లేని 11, 12వ తరం ఇంటెల్ వారు, యంత్రం మీద రోజువారీ సంపాదన ఆధారపడినవారు మొదటి రోజే ఈ ఎంపికను పరిశీలించాలి.

విద్యార్థికి అన్నిటికన్నా చవకైన మార్గం క్లౌడు. ఫ్లట్టర్‌తో యాప్ రాసేవారు విండోస్‌లోనే కోడు రాసి, ఐఫోన్ బిల్డును గిట్‌హబ్ యాక్షన్స్ లేదా కోడ్‌మ్యాజిక్ వంటి చోట్ల అసలైన మ్యాక్ యంత్రాల మీద చేయించుకోవచ్చు. జేఎన్‌టీయూ గురజాడ పరిధిలోని కాలేజీల్లో గాని, ఎచ్చెర్లలోని ఆర్‌జీయూకేటీలో గాని ఫైనలియర్ ప్రాజెక్టు చేస్తున్నవారికి ఇది సరిపోతుంది. బూట్ సమస్యలతో సెమిస్టరు గడిచిపోదు. వర్చువల్ మెషీన్ మరో మార్గం. వీఎంవేర్‌లో నడిపే మ్యాక్‌ఓఎస్‌కు గ్రాఫిక్స్ వేగం ఉండదు కనుక వీడియో పనికి అది సున్నా, ఎక్స్‌కోడ్ ఎలా ఉంటుందో చూడడానికి మాత్రం పనికివస్తుంది. లైసెన్సు షరతు దానికి కూడా వర్తిస్తుంది.

స్టూడియో వారికి నేను సూటిగా చెప్పేది మ్యాక్ మినీ. 2024లో ఎం4 మినీ మన దేశంలో 16 జీబీ మెమరీతో 59,900 రూపాయలకు విడుదలైంది. మానిటరు, కీబోర్డు, మౌసు ఇప్పటికే ఉన్నవి సరిపోతాయి. ఒక ఆర్ఎక్స్ 6600 కార్డు, కొత్త ఎస్ఎస్‌డీ, సరైన ల్యాన్ కార్డు, వీటి కోసం తిరిగిన ఛార్జీలు, ఆగిపోయిన ఆర్డర్లు అన్నీ లెక్క వేస్తే రెండింటికీ మధ్య తేడా అనుకున్నంత ఉండదు, పైగా మినీకి ఇంకా చాలా ఏళ్లు కొత్త వెర్షన్లు వస్తాయి. వెల ఎక్కువనిపిస్తే 2020 నాటి ఎం1 మినీ సెకండ్ హ్యాండ్‌లో చూడవచ్చు. కొనేటప్పుడు పాత యజమాని ఐక్లౌడ్ ఖాతా అందులో నుంచి తొలగించాడో లేదో అతని ఎదుటే పరీక్షించుకోవాలి. ఇంటెల్ మినీలను ఎంత చవకగా ఇచ్చినా ఇప్పుడు కొనవద్దు.

ఇన్ని చదివాక కూడా ఉన్న పీసీ మీదే ప్రయత్నించాలని స్టూడియో యజమాని అనుకుంటే, దానికి తగిన కాలం ఆషాఢం, లేదా ముహూర్తాలు లేని మూఢం రోజులు. మాఘంలోనో, వైశాఖంలోనో ఎడిటింగ్ యంత్రం విప్పుకొని కూర్చుంటే ఆల్బమ్ కోసం పెళ్లివారు చేసే ఫోన్లకు సమాధానం చెప్పుకోలేరు. విండోస్ డిస్కును కేబుల్ తీసి పక్కన పెట్టి, విడి ఎస్ఎస్‌డీ తగిలించి, ఆషాఢం ముగిసేలోపు బూట్ సాఫీగా రాకపోతే ఆ ఎస్ఎస్‌డీని విండోస్‌లో ప్రాజెక్టు ఫైళ్లు దాచుకోవడానికి వాడుకోవచ్చు.